చివరగా ఏం మార్చారు?

ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఆ పెద్దాయన ముందు కళ్లజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, "చివరగా ఏం మార్చారు?" అని అడుగుతాడు. అందరూ ఏమీ ముట్టుకోలేదనే అంటారు. తెరుచుకోని ల్యాప్‌టాప్ పట్టుకొచ్చిన టీచరమ్మ కూడా అదే అంది. చెవులు వినిపించని పిల్లల కోసం ఆరేళ్లుగా తయారుచేసిన పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. రెండు షాపులవాళ్లు అంతా చెరిపేయాల్సిందేనన్నారు. నల్లటి తెర మీది తెల్లటి అక్షరాలను ఆయన పెదాలు కదుపుతూ చదివి, ల్యాప్‌టాప్ ఆన్ అవుతూనే చదువుకునే కెర్నల్ సెట్టింగుల్లో ఒకచోట వేలు ఆపాడు. "బ్యాటరీ ఎక్కువసేపు రావాలని పెట్టే మాట ఇది. ఒక్కోసారి దానంతటదే వచ్చి కూర్చుంటుందిలెండమ్మా," అంటూ తీసేశాడు. ఈసారి ల్యాప్‌టాప్ మామూలుగా తెరుచుకుంది, పాఠాలు చెక్కుచెదరలేదు. ఆమె పదిసార్లు థాంక్స్ చెప్పి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చింది. "అది నేనే పెట్టానండీ." ఆయన కళ్లజోడు తీసి మళ్లీ తుడుచుకున్నాడు. "ఇరవై ఏళ్లలో ఈ మాట చెప్పింది మీరొక్కరే. చాలా థాంక్సమ్మా."