సెనమున్ కోసం విసిరిన రాయి

అలెగ్జాండ్రియాలో రాజులు తోబుట్టువులను పెళ్లాడి, తీరిక దొరికినప్పుడు వాళ్లనే చంపించుకుంటున్న శతాబ్దంలో, ఈజిప్టులోని థీబ్స్ నగరంలో, నైలు పడమటి ఒడ్డున పెటెమిన్ అనే ఆయన మాత్రం ఆచారం తప్పకుండా బతికాడు. తండ్రి నుంచి కత్తి, తాత నుంచి కాళ్లు ఆయనకు వారసత్వంగా వచ్చాయి. ఆ వృత్తికి రెండూ కావాలి.

మమ్మీగా మార్చి పరలోకానికి సిద్ధం చేసే శవానికి తొలి గాటు పెట్టేది ఆయనే. లేఖకుడు ఎడమ డొక్క మీద సిరాతో గీత గీస్తాడు. పెటెమిన్ నల్లరాతి కత్తితో ఆ గీత వెంట కోసి, కత్తి పారేసి పరుగు లంకించుకోవాలి. పోయినవారి బంధువులు తిడుతూ, రాళ్లు రువ్వుతూ తరుముతారు. ఒంటికి గాయం చేసిన పాపం అలా కోసినవాడి నెత్తికెక్కితే, పోయినవారు నిర్మలంగా వెళతారు. మర్నాడు ఆ బంధువులే ఆయన్ని పలకరించి కుశలం అడుగుతారు. ఈ ఏర్పాటులో ఎవరికీ తప్పు కనబడలేదు.

ఊరివాళ్లు మర్యాదస్తులు, గురి తప్పించే విసిరేవారు. బార్లీ కల్లు అమ్మే తవేసె మాత్రం, "పెటెమినూ, ఈమధ్య ఒళ్లు చేశావు. తప్పించి కొడదామన్నా చోటు మిగల్చడం లేదు" అనేది.

"నా మొగుడికి దిష్టి పెట్టకే అక్కా!" అని నవ్వేది ఆయన భార్య సెనమున్.

నైలు పొంగిన నెలలో సెనమున్ జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. పుట్టింటివాళ్లు ఎప్పుడో గతించారు. ఆ ఊళ్లో గాటు పెట్టేవాడు పెటెమిన్ ఒక్కడే.

లేఖకుడు గీత గీసి, మొహం తిప్పుకుని అడిగాడు: "పక్క ఊరి నుంచి ఎవర్నైనా పిలిపిద్దామా బాబాయ్?"

"ఎవడో ముక్కూమొహం తెలియనివాడు దాన్ని తాకడమెందుకురా? గీత వంకరపోయింది, సరిచెయ్యి."

కోశాడు. చెయ్యి వణకలేదు. అది ఆయనకే అవమానంగా తోచింది.

కత్తి పారేసి వీధిలోకి పరిగెత్తాడు. జనం తలలు దించుకుని నిలబడ్డారు. ఎవరి చేతిలోనూ రాయి లేదు. వెనక అడుగుల చప్పుడు వినబడక ఆయన ఆగిపోయాడు.

"ఏం, చేతులు పడిపోయాయా?"

"నీ మొహం చూసి ఎలా కొడతామయ్యా?" అన్నాడు కుమ్మరి.

"మొహం ఎవడు చూడమన్నాడు? వీపు ఇస్తున్నాగా! ఆ పాపం నా మీదికి రాకపోతే సెనమున్ గాయంతోనే పోవాలి. మీ అమ్మల కోసం, నాన్నల కోసం పరిగెత్తినవాణ్ణి, నా ఇల్లాలికి ఈ మాత్రం చెయ్యరా?" తవేసె వైపు తిరిగాడు. "కొట్టు అక్కా. దానికి పుట్టిల్లంటే నువ్వే."

తవేసె వంగి చిన్న గులకరాయి తీసింది. అరచేతిలో చూసుకుని పారేసి, పెద్దది అందుకుంది.

"నా చెల్లెలి ఒళ్లు కోస్తావురా, పాపిష్టోడా!"

ఏడుస్తూనే విసిరింది. గురి తప్పలేదు. ఆయన భుజం చిట్లింది. అప్పుడు వీధి వీధంతా రాళ్లకోసం వంగింది.

పెటెమిన్ పరిగెత్తాడు. వెనక తిట్లు వినబడుతున్నంతసేపూ వేగం తగ్గించలేదు. కాలువ గట్టు దగ్గర అవి ఆగిపోయాక, కూలబడి ఏడ్చాడు.