మర్నాడు కూడా వచ్చిన డాక్టరమ్మ

ఆదిలాబాద్‌లో మా పిల్లల డాక్టరమ్మ ఇక లేరని పోయిన ఆదివారం పొద్దున తెలిసింది. గుండెపోటు. ముందు రోజు సాయంత్రం దాకా ఆసుపత్రిలో పిల్లలను చూశారట. నా పిల్లలిద్దరికీ జ్వరమొచ్చినా దగ్గొచ్చినా ఆమె దగ్గరికే పరుగెత్తేదాన్ని.

నేను ఇచ్చోడ దగ్గర ఒక ఊళ్లో సర్కారు బడి పంతులమ్మను. కొన్నేళ్ల కిందట బళ్లలో తట్టు టీకా వేస్తున్నప్పుడు, ఆ సూది వేసుకున్న పిల్లలకు రేపు సంతానం కలగదని ఒక వీడియో మా ఊళ్లో ఫోనుఫోనుకూ తిరిగింది. కొందరు పిల్లలను బడికి పంపడమే మానేశారు. దిక్కుతోచక డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"వస్త తియ్యి. నువ్వు వాళ్లను మాత్రం ఏమనకు. బిడ్డల మీద పావురంతోనే, ప్రేమతోనే భయపడుతుండ్రు" అన్నారు.

టీకా రోజు ఆసుపత్రి మూసి, బస్సెక్కి వచ్చారు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన ఒక తండ్రి బడి గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. అతని వెనక ఊళ్లోవాళ్లంతా ఉన్నారు.

"నా బిడ్డకు సూది ఏయనియ్య. ఫోన్ల అంత చూసిన."

"నాకు గూడ చూపియ్యి తమ్మీ" అంటూ అతన్ని వరండాలో పక్కన కూర్చోబెట్టుకున్నారు. వీడియో చివరి దాకా చూశారు. మధ్యలో నవ్వలేదు, ఆపలేదు.

"గీ మాట్లాడెటాయన నీకు ఎరుకేనా?"

"ఎరుకలే."

"మరి నేను?"

"ఎరుకే. మా పిల్లకు చిన్నప్పుడు నిమోనియా అయితె నువ్వే బతికించినవ్."

"అయితె నన్ను అడుగు. ఎన్నన్న అడుగు. జ్వరం రావచ్చు, చెయ్యి నొయ్యచ్చు. రాదని నేను జెప్ప. పిల్లలు పుట్టరన్నది మాత్రం అబద్ధం. తట్టు వచ్చి ఊపిరాడక పోయిన పసిపిల్లను గీ చేతులతోని ఎత్తుకున్న తమ్మీ. గా గతి మీ ఇంటికి రావద్దు."

అతను చాలా అడిగాడు. ఆమె విసుక్కోకుండా చెప్పారు. చివరికి అతను తలూపాడు. ఎనిమిదో తరగతి చదివే అతని కూతురే వరసలో ముందు నిలబడింది. నర్సు సూది వేసింది. ఆ పిల్ల కొంచెం దూరం నడిచి కుప్పకూలిపోయింది.

"సంపిండ్రు నా బిడ్డను!" అని తండ్రి అరిచాడు. వరస చెదిరిపోయింది. తల్లులు ఎవరి పిల్లలను వాళ్లు లాక్కుపోయారు. డాక్టరమ్మ మాత్రం గచ్చు మీద కూర్చుని, ఆ పిల్ల కాళ్లు తన ఒళ్లోకి ఎత్తి పెట్టుకున్నారు.

"సూదికి కాదు, భయానికి పడ్డది. నువ్వు గూడ ఈడ కూసో. బిడ్డ చెయ్యి పట్టుకో" అని ఆ తండ్రితో అన్నారు. కాసేపటికి పిల్ల కళ్లు తెరిచింది.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా బిడ్డా?"

"తినలే."

అప్పటికే బడి ఖాళీ అయింది. నాకు ఏడుపొచ్చింది. "పరేషాన్ గాకు టీచరమ్మా. రేపు మల్ల వస్త" అన్నారామె.

వచ్చారు. బడికి కాదు, నేరుగా ఆ పిల్ల ఇంటికి. నేనూ వెంట వెళ్లాను. ఆ పిల్ల చెయ్యి తడిమి చూసి, వాకిట్లో మంచం మీద కూర్చుని చాయ్ తాగారు. పిల్ల అటూ ఇటూ తిరుగుతూ బట్టలు ఆరేస్తోంది. చుట్టుపక్కల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఏవేవో అడగసాగారు. ఆమె నోరు తెరిచేలోపే ఆ తండ్రి అందుకున్నాడు.

"జర జ్వరమొచ్చింది, పోయింది. ఫికర్ జెయ్యకుండ్రి. మా పిల్లను చూడుండ్రి."

మధ్యాహ్నం నర్సు మళ్లీ వచ్చాక, తన చిన్నకొడుకును అతనే టీకాకు బడికి తీసుకొచ్చాడు. అతని వెనకే మిగతావాళ్లు కదిలారు. రెండు మూడు ఇళ్లవాళ్లు చివరిదాకా ఒప్పుకోలేదు. బస్సెక్కే ముందు ఆ ఇళ్ల ముందు కూడా ఆగి, పిల్లలను పేరుపేరునా పలకరించి వెళ్లారామె.

ఆ తర్వాత నేను కూడా తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ముందు వినడం నేర్చుకున్నాను. అది ఆమె పెట్టిన భిక్ష.

ఆమెను చివరిసారి చూసింది మొన్న పత్తి ఏరే రోజుల్లో. నా తమ్ముడి కొడుక్కి టీకా వేయించడానికి వెళ్లాం. సూది పడగానే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆమె వాణ్ని భుజాన వేసుకుని కిటికీ దగ్గరికి నడిచారు. బయట పత్తి బండ్లు బారులుగా మార్కెట్‌కు పోతున్నాయి. ఏడుపు మరిచి వాడు వాటివైపు చెయ్యి చాపాడు. వాడి వీపు నిమురుతూ, ఆఖరి బండి మలుపు తిరిగేదాకా ఆమె కూడా చూస్తూ నిలబడ్డారు.