తేరదు నాయుడు

వెంకటపతి నాయుడు నోట మంచి మాట రాదు. అలాగని చెడ్డ మాటా రాదు. తిట్టడు, కసరడు, ఎవరి మీదా చాడీ చెప్పడు. ఏ వస్తువు చూపించినా, ఏ మనిషిని చూపించినా తల అడ్డంగా ఊపి, కడుపులోంచి ఒక నిట్టూర్పు తీసి ఇక గట్టెక్కదు, బాగుపడదు అనే అర్థంలో ఒకటే మాట అంటాడు: "ఇది తేరదు."

మిక్సీ తేరదు. సైకిలు తేరదు. కొత్తగా వేసిన తారు రోడ్డు తేరదు. ఆపరేషను చేయించుకుని ఆసుపత్రి నుంచి వచ్చిన అయ్యసామి తేరడు. ఆ అయ్యసామి ఇప్పటికీ రోజూ పొద్దున్నే నడకకు పోతూ, నాయుడి వాకిలి ముందు కాస్త ఆగి కావాలనే గట్టిగా దగ్గి మరీ పోతాడు. ఒకసారి పెళ్లి పందిట్లో అక్షింతలు వేస్తూ కొత్త జంటను చూసి నాయుడి పెదవులు కదిలాయి. పక్కనే ఉన్న భార్య లక్ష్మమ్మాళ్ మోచేత్తో పొడవబట్టి సరిపోయింది.

కోయంబత్తూరులో పీలమేడు వెనక వీధుల్లో తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఆయనకు పెట్టిన పేరు తేరదు నాయుడు. పంపుల కంపెనీలో మోటార్లు పరీక్ష చేసే పని చేసి రిటైరయ్యాడు. ఆయన అప్పుడు తేరవన్న మోటార్లు ఎక్కడెక్కడి బావుల్లోనో ఇంకా నీళ్ళు తోడుతున్నాయని పాతవాళ్ళు చెప్పుకుని నవ్వుతారు.

వీధి చివర ఇంట్లో ఉండే జెబమలర్ కూడా నవ్వేది. తన కంప్రెసర్ ఆగిపోయిన సాయంత్రం దాకా.

జెబమలర్ బనియన్ల కంపెనీ షిఫ్టు బస్సు ఎక్కడం మానేసి, ఇంటి ముందు రేకుల షెడ్డులో స్ప్రే పెయింటు పని పెట్టుకుంది. ఇన్నాళ్ళూ బీరువాలు, మంచాలు, కిటికీ చువ్వలు. మొదటిసారి ఒక పెద్ద పని దొరికింది. ఆర్.ఎస్. పురంలో ఫర్నిచర్ అంగడి, అక్కడివాళ్ళ మాటలో కడ, నడిపే తంగవేలు ఒక కొత్త పిల్లల బడి కోసం బుల్లి కుర్చీలు చేయించి, రంగులు కొట్టమని ఆమె దగ్గర దింపాడు. సోమవారం బడి తెరుస్తారు. ఇది సరిగ్గా చేసిస్తే వరసగా పని వస్తుంది. లేకపోతే మళ్ళీ షిఫ్టు బస్సే.

ఆ ఆశతోనే కినత్తుకడవులో మూతపడుతున్న కొబ్బరినూనె మిల్లు నుంచి పెద్ద కంప్రెసర్ ఒకటి పాతది తెచ్చుకుంది. మిల్లులో ఉన్నది త్రీఫేజు కరెంటు, ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజు. అందుకని నడుమ ఒక డ్రైవు పెట్టించింది. ఇంటి కరెంటును మింగి, మోటారుకు కావలసిన త్రీఫేజుగా మార్చి ఇచ్చే పెట్టె అది. మోటారు వేగం కూడా దాని చేతిలోనే.

స్విచ్ వేసింది. మోటారు తిరిగింది. ట్యాంకులో గాలి సగం నిండేసరికి దున్నపోతులా మూలిగింది. పెట్టె మీద ఓసీ అని ఎర్ర అక్షరాలు వెలిగాయి. అంతా ఆగిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ అదే మూలుగు, అదే ఓసీ. పెట్టె బిగించిన మనిషికి ఫోను చేస్తే, "కరెంటు ఎక్కువ లాగతా ఉండాది అని అర్థం అక్కా. లోపల బోర్డు పోయింటుంది. కొత్తదే కొనాలి" అని పెట్టేశాడు.

రంగు లేని కుర్చీల నడుమ జెబమలర్ తల పట్టుకుని కూర్చుంది. అప్పుడు షెడ్డు ముందు ఒక నీడ పడింది.

"సద్దు నిలిచిపాయె. ఏమాయె పాపా?"

తేరదు నాయుడు!

"ఏమీ లేదయ్యా," అంది కంగారుగా. ఈ ఘడియలో ఆ మాట ఆయన నోట వినే ఓపిక ఆమెకు లేదు.

ఆయన అప్పటికే లోపలికి వచ్చేశాడు. మోటారు మీద చెయ్యి పెట్టి చూశాడు. పెట్టె మీద అక్షరాలు చదివాడు. నిట్టూర్పు మొదలైంది.

"వద్దయ్యా, అనొద్దు..."

"ఇది తేరదు."

"విప్పి చూడనైనా లేదే!"

"చూస్తే ఇంకా బాధ," అన్నాడు. కుర్చీలను చూశాడు. "ఇవన్నీ ఎప్పుడు ఇయ్యాలి?"

"సోమవారం."

"సోమవారమా..." అని రెండో నిట్టూర్పు మొదటిదానికంటే పొడుగ్గా తీసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

జెబమలర్ ఏడ్చింది. ఏడ్చాక కోపం వచ్చింది. ఒక్క మంచి మాట అంటే ఆయన ముల్లె ఏమైనా తరుగుతుందా? తేరదట! ఎందుకు తేరదు? ఆ కోపంతోనే సగం కుర్చీలకు గరుకు ఉప్పుకాగితం పట్టి నున్నగా రుద్దింది. పొద్దున లేచి మిగిలినవీ రుద్దింది. చేతులు ఆడుతున్నంతసేపూ ఆయన్ని తిడుతూనే ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళకు నాయుడు మళ్ళీ వచ్చాడు. ఊరికి పోయేటప్పుడు వేసుకునే తెల్ల చొక్కా, చెమటకు వీపుకి అంటుకుపోయి ఉంది. చేతిలో గుడ్డ సంచి. దాంట్లో మీటరు, స్పానర్లు.

"పొద్దున్నించీ ఎక్కడికి పోయినారయ్యా?"

"ఎక్కడికి పోయి ఏం ఫలం," అంటూ ఆయన నేలమీద కూర్చున్నాడు. "మెయిన్ ఆర్పు. ఆర్పినాక కొంచెంసేపు ముట్టవద్దు. పెట్టెలో కరెంటు దాగి ఉంటుంది. తొందరపడినవాళ్ళు ఇక్కడే పోతారు."

కాసేపు ఆగి, మీటరు పెట్టి చూసుకుని, పెట్టె నుంచి మోటారుకు పోయే వైర్లు విప్పేశాడు. వట్టి పెట్టెను నడిపించమన్నాడు. జెబమలర్ మీట నొక్కింది. అంకెలు గబగబా పైకి పోయాయి. ఓసీ రాలేదు.

"అయ్యా! పెట్టె బాగుండాది!"

నాయుడి ముఖం ఇంకా వాడిపోయింది. "పెట్టె పోయి ఉంటే వేరే పెట్టె పెట్టుకోవచ్చు. అది బాగుంటే మోటారు పోయినట్టు. అది ఇంకా చేటు."

మళ్ళీ ఆర్పి, మళ్ళీ ఆగి, మోటారు వైర్ల మీద మీటరు పెట్టాడు. లోపలి మూడు తీగచుట్లూ ఒకే లెక్క చూపించాయి. మోటారు ఒంటికి కరెంటు కారడం లేదు. బెల్టు తీసి నడిపిస్తే మోటారు గాలిలో తిరిగినట్టు తిరిగింది. కంప్రెసర్ చక్రాన్ని చేత్తో తిప్పితే అదీ తిరిగింది.

"మోటారూ బాగుండాదా అయ్యా?"

"బాగుండాది." గోడకు చేరగిలబడ్డాడు. "మనిషికి అన్ని టెస్టులూ చేసి ఏమీ లేదంటారు చూడు, ఆ మాదిరి. ఏమి రోగమో తెలియకుంటే ఎట్లా తేరేది?"

జెబమలర్‌కు ఒళ్ళు మండింది. "ఒట్టిగా తిరిగేది, బరువు పడితే ఎందుకు నిలిచిపోతుంది? తినను చాలక అట్లా అవుతుందేమో! చూడండయ్యా, ఊరికే ఏడవవద్దు!"

ఆ వీధిలో ఆయన్ని అలా కసరినవాళ్ళు లేరు, లక్ష్మమ్మాళ్ తప్ప. నాయుడు ఒక నిమిషం ఆమె ముఖం చూశాడు. మీసం కింద ఏదో కదిలింది. నవ్వో, నిట్టూర్పో తెలియలేదు. మోటారు పక్కనున్న చిన్న డబ్బా మూత విప్పాడు. లోపల మూడు ఇత్తడి పలకలు ఒకే వరసలో అడ్డంగా బిగించి ఉన్నాయి.

"తినను చాలకనే," అన్నాడు మెల్లగా. "మిల్లులో దీనికి నాలుగు వందలకు పైగా వోల్టులు. మన పెట్టె ఇచ్చేది దాంట్లో సగం. దీని వైర్ల కట్టు ఇంకా మిల్లు కట్టే. సగం కూడు తిని మొత్తం బరువు మోయమంటే మూలగక ఏం చేస్తుంది?"

"మార్చొచ్చా?"

"మార్చొచ్చు. మార్చినా..."

"అయ్యా!"

నోరు మూసుకుని పలకలు విప్పి, అడ్డంగా ఉన్నవాటిని నిలువుగా బిగించాడు. మోటారు మీది రేకు చదివి, అది ఎంత కరెంటు తాగవచ్చో పెట్టెలో పెట్టాడు. ఒక్కసారిగా ఎగరకుండా మెల్లగా వేగం అందుకునేట్టు చేశాడు. బెల్టు ఎక్కించి స్విచ్ వేశారు.

మూలుగు లేదు. గాలి కొలిచే ముల్లు సగం దాటింది. నిండింది. ట్యాంకు నిండితే మోటారును ఆపే ప్రెషర్ స్విచ్ టక్కుమంది, మోటారు ఆగింది. జెబమలర్ చప్పట్లు కొట్టబోయి, స్ప్రే తుపాకి నొక్కి గాలి వదిలింది. ముల్లు దిగింది, స్విచ్ మళ్ళీ టక్కుమంది, పెట్టె మీద ఓసీ!

"చెప్తినా," అన్నాడు నాయుడు, దాదాపు తృప్తిగా.

ఈసారి ఆమె ఏడవలేదు. చేతులు నడుముకు పెట్టుకుని నిలబడింది. ఆయన వైరు వెంబడి వేలు పోనిచ్చి చూస్తే, ప్రెషర్ స్విచ్‌ను పెట్టెకూ మోటారుకూ నడుమ కట్టి ఉంది. పెట్టె పూర్తి జోరులో ఉండగా మోటారును తెచ్చి తగిలిస్తే అది తట్టుకోలేదు. ఆ స్విచ్‌ను అక్కడినుంచి తప్పించి, నడువు, నిలువు అని పెట్టెకు చెప్పే సన్న వైర్లకు కలిపాడు. మోటారు నేరుగా పెట్టెకే. ఇక ఆగడం, నడవడం పెట్టె తనంతట తానే మెల్లగా చూసుకుంది. గాలి వదిలారు, నింపారు, మళ్ళీ వదిలారు. ఎర్ర అక్షరాలు రాలేదు.

నాయుడు చుట్టూ చూశాడు. తేరదనడానికి షెడ్డులో ఏమీ మిగల్లేదు. సంచి సర్దుకుని, "పసుపు మరీ పచ్చగా ఉండాది," అని రంగు డబ్బా మీద కసి తీర్చుకుని వెళ్ళిపోయాడు.

సాయంకాలానికి కొన్ని కుర్చీలు పసుపు పచ్చగా ఆరుతున్నాయి. ఎంత చేసినా సోమవారానికి అన్నీ కావు. జెబమలర్ భయపడుతూ తంగవేలుకు ఫోను చేసింది.

"గురువారం చాలు అక్కా. మెల్లగా చెయ్," అన్నాడు తంగవేలు.

"గురువారమా? బడి సోమవారం అంటిరే?"

"మార్పించినాను. ఏం చేసేది? పొద్దున కడ తెరవంగానే మీ వీధి నాయుడు వచ్చి కూచుండె. ఆ మోటారు తేరదు అనె. కుర్చీలు రావు, పిల్లలు నేలమీద కూచుంటారు, జలుబు చేస్తుంది, తల్లులు పంపరు, బడి తేరదు అనె. ఒక మొగుడూ పెళ్ళాం సోఫా చూస్తా ఉంటే దాన్నీ తేరదు అనె. వాళ్ళు లేచి పోయిరి! బడివాళ్ళకు ఫోను చేసి మార్పించినాక గానీ ఆయన లేవలేదు అక్కా."

జెబమలర్ ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"వేరే పెయింటరుకు ఇచ్చుకుంటాను, మీరు పొండి అంటిని. దానికి ఏమనె తెలుసా? ఆ పాప కొట్టిన రంగు గోరుతో గీకినా రాదు, దాన్ని విడిస్తే నీ కడ తేరదు అనె."

ఫోను పెట్టి ఆమె పరుగున నాయుడి ఇంటికి పోయింది. అక్కడ వాకిట్లో గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. లక్ష్మమ్మాళ్ ఇంట్లో పెద్ద గ్రైండర్ పెట్టి రుబ్బి, వీధి మొత్తానికి దోసెపిండి అమ్ముతుంది. రేపు ఆదివారం. పిండి మాత్రం లేదు.

"గ్రైండర్‌కి మోటారు లేదమ్మా, మోటారు!" అని లక్ష్మమ్మాళ్ వీధి అదిరేట్టు అరుస్తోంది. "ఈయన నిన్న రాత్రే విప్పేసినాడు! నానబెట్టిన బియ్యం అట్లాగే ఉండాది!"

నాయుడు వెనక గదిలో గోనెసంచి పక్కన దొంగలా కూర్చుని ఉన్నాడు. సంచిలో గ్రైండర్ మోటారు, తుడిచి, ఆయిలు పెట్టి, కంప్రెసర్ బెల్టుకు సరిపడే చక్రం తొడిగి ఉంది.

"ఇది ఎందుకయ్యా?" అంది జెబమలర్.

"ఇది ఇంటి కరెంటుకే నడుస్తుంది," అన్నాడు నేల చూపులు చూస్తూ. "నీది తేరకుంటే దీన్ని కట్టి ఇద్దామని. మెల్లగా అయినా నడుస్తుంది గదా."

ఆమె వాకిట్లోకి వచ్చింది. గిన్నెలతో ఉన్న ప్రతి ఒక్కరికీ జరిగినదంతా, తంగవేలు సోఫాతో సహా, చెప్పింది. ముందు నవ్వులు, ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు. నాయుడుగారంత మంచి మనిషి ఈ ఊళ్ళోనే లేడని ఒకామె, బంగారం అని ఇంకొకామె.

పొగడ్త ఆయనకు అలవాటు లేదు. గబుక్కున లేచి గది తలుపు వేసి గడియ పెట్టుకున్నాడు. వాళ్ళు తలుపు తట్టారు. లోపలినుంచి ఆయన గొంతే, ఏ మార్పూ లేకుండా వినిపించింది:

"నాయుడు ఇంట్లో లేడు. పొండి."