గేటు నుంచి నీలి తలుపు దాకా

ఆగస్టు నెల, సోమవారం. రాత్రి పట్టిన ముసురు తెల్లారినా వదల్లేదు. జనగామ చర్చి ఆఫీసు వరండాలోకి కొట్టిన జల్లును గోనెసంచితో తుడిచి, సంచి పిండి కిటికీ ఊచకు వేశాను. అప్పుడే మహబూబాబాద్ నుంచి పొద్దటి బండికి దిగిన మన సంఘపెద్ద ఒకాయన మెట్ల మీద నిలబడి గొడుగు ముడుస్తూ, "అమ్మగారు రాత్రి పోయిండ్రు. మాపటికి మన సమాధి తోటల మట్టి" అన్నాడు. ఆయన లోపలికి రాలేదు. నేనూ రమ్మనలేదు.

మన సంఘం పత్రికకు అమ్మగారి గురించి నన్ను రాయమన్నారు. నాకు వ్యాసాలు రావు. ఈ ఆఫీసు జమాఖర్చులు చూసుకుంటూ, సాయంత్రం పూట ఆనాటి వాన, ఎండ, చేసిన పని నాలుగు ముక్కలు రాసుకోవడం అలవాటు. ఆ తీరులోనే రాస్తున్నాను.

కొత్తవాళ్లకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. అమ్మగారు మన పాత పాస్టరు అయ్యగారి భార్య. పిల్లల హాస్టలు ఆమే చూసుకునేవారు. వాళ్లు జనగామకు వచ్చేనాటికి అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం గొడవలు చల్లారాయి. ఆ గొడవల్లో బడులు మూతపడి, ఎటు నుంచి ఏ రాయి వచ్చి పడుతుందో తెలియని రోజుల్లో, ఆఫీసు గేటుకు ఒక రేకు బోర్డు కట్టారు. "అనుమతి లేనిదే లోపలికి రాకూడదు." గేటుకు గొలుసు కూడా చుట్టారు. భయం పోయింది గానీ బోర్డు పోలేదు, గొలుసూ పోలేదు. దానికి తాళం ఉండేది కాదు. నెడితే తెరుచుకునేది. దూరం నుంచి చూసేవాళ్లకు మాత్రం తాళం వేసినట్టే ఉండేది.

ఒక జూన్ నెలలో, హాస్టలు సీట్లకు ఆఖరి రోజున, అమ్మగారు అంగడి నుంచి తిరిగి వస్తూ గేటు బయట ఒక మనిషిని చూశారు. గోడ నీడలో గొంతుక్కూర్చున్నాడు. పక్కన పదేళ్ల ఆడపిల్ల, చేతిలో సద్ది మూట.

"ఏ ఊరు బాపూ?"

"కాటారం అవతల అమ్మా. బిడ్డను సదువుకు ఏద్దామని తోలుకచ్చిన."

"ఎప్పుడచ్చినవ్?"

"పొద్దుగాల్నే అచ్చిన. పిలుస్తరని కూసున్న. ఎవ్వలు పిలువలే."

అమ్మగారు ఇద్దరినీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. అప్పటికే పేర్లు రాసుకునేవాళ్లు పుస్తకం మూసి ఇంటికి వెళ్లిపోయారు. సీట్లు నిండాయి. ఆమె అయ్యగారితో, కార్యదర్శితో, హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడారు. ఎక్కడా దారి దొరకలేదు. వచ్చే ఏడు తప్పకుండా సీటు ఉంచుతానని ఆ తండ్రికి మాటిచ్చి, ఆ రాత్రికి అన్నం పెట్టి పంపారు.

మరుసటి ఏడు సీటు ఉంచి, ఆమే బస్సులు మారి కాటారం వెళ్లారు. పిల్ల కల్లంలో బీడీల తునికాకు కట్టలు కడుతోంది. పెళ్లి ఖాయమైందట. తండ్రి కోపం చేయలేదు. మంచినీళ్లిచ్చి, "ఇగ ఎందుకమ్మా. దాని సదువు మీ గేటు కాడనే అయిపాయె" అన్నాడట.

తిరిగి వచ్చిన రోజు అమ్మగారు చెప్పులు కూడా విడవకుండా నా గదికి వచ్చి కత్తెర అడిగారు. బోర్డు కట్టిన తీగ కత్తెరకు తెగలేదు. రాయితో కొట్టి తెంపారు. గొలుసు కూడా తీసి బావి పక్కన పడేశారు. ఆ మాట ఆమె మళ్లీ ఎత్తగా నేను వినలేదు. కానీ ఆ రోజు నుంచి గేటు దగ్గర నుంచి లోపలి గదుల దాకా మనుషులు ఎట్లా నడుస్తున్నారో చూడడమే ఆమె పని అయింది.

నేను బడికి పోయినవాణ్ని కాదు. జనగామ స్టేషన్ బోర్డు, మిల్లు బోర్డు, దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు పట్టుకున్నాను. కాబట్టి గది గదికీ పెద్ద అక్షరాలతో పేరు రాయిస్తే సరిపోతుందని చెప్పాను.

"తమ్మీ, నీకు బోర్డు పంతులైంది. అందరికి కాదు గదా" అన్నారు.

కూరగాయలమ్మే అవ్వను గేటు దగ్గర నిలబెట్టి, "అవ్వా, నీ మనుమరాలికి సీటు కావాలె. ఎటు పోతవ్?" అని అడిగి, వెనకాల తాను నడిచారు. అవ్వ నేరుగా వంటపాక దగ్గరికి పోయింది. "పొగ కనవడ్డది, మనుషులుంటరనుకున్న" అంది. అమ్మగారు చాలాసేపు నవ్వారు. తర్వాత, "అవ్వ తప్పు పోలే. మనమే తప్పు కాడ కూసున్నం" అన్నారు.

మొదట గోడల మీద చూపుడువేలు పెట్టిన చేతులు గీయించారు. బాగానే ఉన్నాయి. ఇంతలో ఎలక్షన్లు వచ్చి ఒక పార్టీకి చెయ్యి గుర్తయింది. అవతలి పార్టీ వాళ్లు వచ్చి, దేవుని ఆఫీసులో ప్రచారమేందని నిలదీశారు. కమిటీ భయపడి సున్నం కొట్టించింది.

తర్వాత నేల మీద పాదాలు గీయిద్దామన్నారు. పెయింటర్ చాచా కుంచె పట్టుకుని సందేహంగా నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఎవరి పాదాలు ఎయ్యాలె? ప్రభువువా, మామూలు మనిషివా?"

"రెండు బస్సులు మారి అచ్చిన మనిషివి ఎయ్యి చాచా. మడిమెలు జర పగిలి ఉండాలె."

చాచా చక్కగా వేశాడు. కార్యదర్శి చూసి, కృష్ణాష్టమికి ముగ్గు పెట్టినట్టుందని ముఖం ముడుచుకున్నాడు. అసలు చిక్కు అది కాదు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆ పాదాలను తొక్కలేదు. గేటులోనే చెప్పులు విడిచి, వంగి పాదాలు తాకి, కళ్లకద్దుకుని, అక్కడే పక్కన కూర్చునేవారు. లోపలికి దారి చూపాలని వేసినవి జనాన్ని గేటులోనే ఆపేశాయి. మరునాడు అమ్మగారు తానే కిరసనాయిలు గుడ్డతో నేల తుడుస్తూ కనిపించారు. నేను సాయం పోతే వద్దన్నారు.

చివరికి తలుపులకు రంగులు వేయించారు. హాస్టలు సీటుకు నీలి తలుపు. పెళ్లి, బాప్తిస్మం కాగితాలకు ఆకుపచ్చ. సమాధి తోటలో చోటు అడగడానికి వచ్చేవాళ్లకు తెల్లది. ఆ గదిలో మాత్రం బల్లకు ఇవతలే కుర్చీ వేయించి, "ఏడుస్తూ అచ్చినోళ్లను నిలవెట్టొద్దు" అన్నారు. నా గదికి పసుపు. ఊళ్లకు పోయే పాస్టర్లకు, సెలవులకు పోయే పిల్లలకు ఒకటే మాట చెప్పి పంపేవారు: నీలి తలుపు కాడికి రమ్మనండి. ఆ మాట బస్సుల్లో తిరిగింది. రేగొండలో కండక్టరు కూడా, "నీలి తలుపుకా? హన్మకొండల బస్సు మారి జనగామల దిగు" అని చెప్పేవాడని విన్నాం.

తర్వాత పసుపు కూడా ఒక పార్టీ రంగయింది. కమిటీ మళ్లీ సున్నం మాట ఎత్తింది. ఈసారి అమ్మగారు నా గది గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సాయంత్రం దాకా లేవలేదు. తలుపు అట్లాగే ఉంది.

జూన్ వస్తే ఆమె గేటు బయట గోడ నీడలో, ఆ మనిషి కూర్చున్న చోటనే, చింతచిగురు చేట ముందేసుకుని కూర్చునేవారు. లోపల ఇంత వరండా ఉండగా అక్కడెందుకని ఒక్కసారి అడిగాను. "ఈడ కూసోని చూస్తే ఏం కనవడతదో చూస్తున్న" అన్నారు. అయ్యగారు పోయాక ఆమె మహబూబాబాద్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లారు. చూపు మందగించిందని తెలిసి పోయినేడు వెళ్లి పలకరిస్తే, అడిగింది ఒకటే. "తలుపులు మాసినయా తమ్మీ?" మాయలేదని చెప్పాను.

సోమవారం మాపటికి మట్టి అయింది. సమాధి తోటలో కాళ్లు దిగబడేంత బురద.

గురువారం. వాన తెరిపిచ్చింది. ఆదివారం అమ్మగారి స్మరణ కూడిక. పెద్దవాళ్లు వస్తారట. తలుపులన్నీ ఒక్క రంగులో, గదులకు ఇత్తడి పలకల మీద ఇంగ్లీషు పేర్లతో ఉండాలని కొత్త కార్యదర్శి చెప్పి వెళ్లాడు. చాక్లెట్ రంగు డబ్బాలు నిన్ననే దిగాయి. వాటిని వరండా మూలకు జరిపాను. గేటు గడియ తీసి నా గదికి వెళ్లాను.

మళ్లీ బయటికి వచ్చేసరికి నీలి తలుపు ముందు ఒక ఆడమనిషి, పక్కన చిన్నపిల్ల. తలుపుకు తాళం. ఇద్దరి కాళ్లకు మోకాళ్ల దాకా బురద.

"ఏ ఊరమ్మా?"

"రేగొండ పక్కపొంటి. నీలి తలుపు కాడ అడగుమన్నరు. తాళమున్నది, తీస్తరని నిలవడ్డం."

"గేటు కాడ ఎవరినన్న అడిగినవా?"

"ఎందుకు అడుగుడు. కనవడుతనే ఉన్నది గదా."

సీట్లకు గడువు దాటి రెండు నెలలైనా తాళం తీశాను. పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టి పేరు రాసుకున్నాను. ఇంతలో చాచా కొడుకు కుంచెలు పట్టుకుని వచ్చి, మూత తీసిన డబ్బా చేత్తో పట్టుకుని, "ఏ తలుపుతోటి మొదలువెట్టాలె సార్?" అని అడిగాడు. నేను డబ్బాకు మూత పెట్టించి, నీలి తలుపు గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.