నన్ను ఎరిగిన సభ్యురాలు

అవనిగడ్డకి బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. మా వీధి చివర సభ్యులే నడుపుకునే పొదుపు సంఘం ఒకటి ఉంది. ఈ ఊళ్ళో ఉండేవాళ్ళనే చేర్చుకుంటారు. నా ఆధార్‌లో ఇంకా నందివాడ అడ్రసే. అందుకని ఇంటి ఓనరు చేత కాగితం రాయించుకుని ఈ రోజు వెళ్ళాను.

గుమాస్తా గారు కాగితం చూసి, "ఇది సరేనండీ, మిమ్మల్ని ఎరిగిన సభ్యులెవరైనా సంతకం పెట్టాలి" అన్నారు.

నాకెవరు తెలుసు? లేచి వచ్చేద్దామని వెనక్కి తిరిగితే మా పక్కింటి సుగుణమ్మ గారు కూర్చుని ఉన్నారు. నిన్న పొద్దున కూడా స్కూటీ గురించి నాతో గొడవపడ్డ మనిషి. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"ఈవిడ ఊళ్ళో ఉండకపోవడమేంటండీ? ఎనిమిది నెలల్నుంచి రోజూ మా గేటుకి అడ్డంగా బండి పెడుతుంటేనూ!" అంటూ ఆవిడే పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టేశారు.

హమ్మయ్య, సభ్యురాలినయ్యాను! కొత్త ఊళ్ళో మిమ్మల్ని మొదట గుర్తుపట్టింది ఎవరండీ, స్నేహితులా, ఇలాంటివాళ్ళా?

సాయంత్రం స్కూటీని బుద్ధిగా మా గోడవారన పెట్టాను. సుగుణమ్మ గారు బయటికొచ్చి, ఖాళీగా ఉన్న గేటు వంక చూసి, "ఏమ్మా, మళ్ళీ బదిలీ అయిందా?" అన్నారు కంగారుగా.