వదిన రాయని మాటలు

ఆ వదినామరదళ్లు పాతికేళ్లు ఒకే కలంపేరుతో నవలలు రాశారు. కథ అల్లేది మరదలు, మాటలు రాసేది వదిన. మరదలు పెళ్లి చేసుకోలేదు. అన్నయ్య ఇంట్లోనే ఉండేది. పగలు ఆమె టెలిఫోన్ ఆఫీసులో, వదిన బట్టల దుకాణంలో పనిచేసి వచ్చి, వంటింటి బల్ల దగ్గర పోట్లాడుకుంటూ రాసేవారు. చివరి నవల సగంలో ఉండగా వదిన గుండెపోటుతో పోయింది.

ఏడాది తిరిగాక ప్రచురణకర్త ఫోన్ చేశాడు.

"మీ పాత నవలలన్నీ ఏఐకి చదివించామండీ. అచ్చం ఆవిడలాగే మాటలు రాస్తోంది. ఓసారి చూడండి."

ఆయన పంపిన లింకు తెరిచి ఆమె ఓ సన్నివేశం చెప్పింది. అదే వెటకారం, అదే ఎత్తిపొడుపు. ఇంకోటి అడిగింది, మరోటి అడిగింది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు. చివరికి, సగంలో ఆగిన నవలలోని కథానాయిక తాగుబోతు మొగుణ్ణి క్షమించే ఘట్టం చెప్పింది. దాని మీదే వదినతో నెల్లాళ్లు మాటల్లేవు. "అది క్షమిస్తే నేను కలం పట్టను పో" అంది వదిన అప్పట్లో. ఏఐ మాత్రం మంచి ఆలోచన అని మెచ్చుకుని, కళ్లు చెమర్చేలా క్షమింపజేసింది.

ఆమె ఫోను బోర్లా పెట్టేసింది. కాదనడానికి మనిషి లేదు.

సాయంత్రం అన్నయ్యతో చెప్పింది.

"వదిన్ని అడక్కుండా ఆమె మాటలంటూ ఒక్క ముక్క వెయ్యను, అన్నయ్యా."

"వెయ్యకు. నాకా లింకు పంపు."

"అది వదిన కాదు."

"తెలుసు. మీరిద్దరూ లోపల నవ్వుకుంటుంటే ఇన్నేళ్లూ ముందుగదిలో ఒక్కణ్ణే కూర్చున్నాను. నన్నూ కాసేపు మాట్లాడుకోనీవే."

ఆమె లింకు పంపింది.

నవల తనే ముగించింది. కథానాయిక ఒక్క మాటా అనకుండా పెట్టె పట్టుకుని వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. "ఇక్కణ్ణించి రాసింది నేనొక్కదాన్నే" అని వదిన ఆపిన పేజీలో అచ్చు వేయించింది. ప్రచురణకర్త నసిగాడు కానీ వేశాడు. చివర చప్పగా ఉందన్నారు చదివినవాళ్లు. నిజమేనని ఆమెకూ తెలుసు.

అన్నయ్యను అడిగింది, చదివావా అని.

"మాటలున్నంత వరకూ చదివాను" అన్నాడు ఆయన, ఫోను మీంచి తలెత్తకుండా.

ఆమె ఆయన ముందున్న ఖాళీ కంచం తీసుకుని లోపలికి వెళ్లింది.