కాగితం చదవమన్న మా మేనత్త

మా మేనత్త పోయిన నెల చనిపోయింది. సిరిసిల్లలో నేను పాఠాలు చెప్పే బడికి కోరుట్ల నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది." "నిజమేనా? డాక్టర్ చూసిండా?" అన్నాను. అన్న తర్వాత తెలిసింది, అది అత్త అడిగే తీరు.

ఆమె దేన్నీ తొందరపడి నమ్మేది కాదు. కండక్టర్ "జగిత్యాల, జగిత్యాల" అని అరుస్తున్నా, బస్సెక్కే ముందు ఇంకో ఇద్దరిని అడిగేది. బీడీలు చుట్టేటప్పుడు ప్రతి తునికాకునూ వెలుతురుకెత్తి, చిల్లి ఉందేమో చూసేది. చదువుకోలేదు. "సదువు రానోళ్లే ఎక్కువ అడగాలె బిడ్డా" అనేది.

ఊరు చేరాక, ఆమెను తీసుకొచ్చేలోగా మా రాతి చర్చిలో కాసేపు ఒంటరిగా కూర్చున్నాను. తాతల నాటి మందపాటి గోడలు. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంది. నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం ఇక్కడే పాస్టరయ్య క్రీస్తు ఇచ్చిన స్వేచ్ఛ గురించి చెప్పాడు. ఇక మనం ఎవరికీ బానిసలం కాదన్నాడు. ప్రార్థన ముగియగానే సంఘ పెద్ద కాగితాలూ, ఇంకు ప్యాడూ తెచ్చాడు.

"చర్చి కప్పు బాగుచేసుడు కోసం. అందరు వేలిముద్రలు ఏయుండ్రి."

ఆడవాళ్లు వరుస కట్టారు. అత్త వంతు వచ్చేసరికి చెయ్యి కొంగులో దాచుకుంది.

"అండ్ల ఏం రాసున్నదో సదివి ఇనిపియ్యి అన్నా."

"దేవుని గుడిల గూడ నమ్మకం లేదా నీకు?"

"దేవుణ్ణి నమ్మిన. కాయితాన్ని నమ్ముతనని బాప్తిస్మం తీసుకోలే."

సిగ్గుతో నా తల వాలిపోయింది. "పోనీ తియ్యి అత్తా" అని చెవిలో అన్నాను.

"మనం బానిసలం కాదని ఇప్పుడేగా అయ్యగారు చెప్పిండు. గది నిజమో కాదో సూడొద్దా?"

సంఘ పెద్ద చదవలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ వారం ఇళ్లలో జరిగే ప్రార్థనకు అత్తను ఎవరూ పిలవలేదు. రోజూ పక్కన కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు దూరం జరిగారు. ఆమెకు అన్నం సహించలేదు. అయినా మరుసటి ఆదివారం వెళ్లి ముందు వరుసలో కూర్చుంది. ఆమెను చూసి పాస్టరయ్య ఆ కాగితం తెప్పించి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నిజంగానే కప్పు మరమ్మతు గురించి. అందరికన్నా ముందు అత్తే లేచి ముద్ర వేసింది.

ఇంటికొచ్చే దారిలో మెల్లగా అంది: "మొన్న రెండు కాయితాలకు పిన్ను కొట్టి ఉండె. ఇయ్యాల ఒక్కటే ఉన్నదేంది?"

ఆ రెండోది ఏమైందో ఇప్పటికీ నాకు తెలియదు. ఉత్త జిరాక్సే కావచ్చు. కానీ ఆ తర్వాత మా చర్చిలో ఏ కాగితం మీదా చదవకుండా ముద్ర అడగలేదు. స్వేచ్ఛ అనే మాటను నేను ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాను. అందుకోసం ఒక వారమంతా ఒంటరిగా ఉన్న మనిషిని మాత్రం అత్తనే చూశాను.

అత్త శవపెట్టె వచ్చింది. పాటలు, ప్రార్థన అయ్యాయి. అందరికన్నా వెనక నిలబడ్డ సంఘ పెద్ద నా దగ్గరికొచ్చాడు.

"నన్ను ఒక్కనాడు గూడ నమ్మలే ఈ మనిషి" అన్నాడు. "నేను దవాఖానల వడ్డప్పుడు మాత్రం రోజు గంజి తెచ్చింది. తాగిన అంటే నమ్మకపోయేది, గిన్నె వంచి సూసేది."

ఆయన చెప్పులు విడిచి పెట్టె కింద భుజం పెట్టాడు. మోకాళ్లు సహకరించని మనిషి. కుర్రవాళ్లు అడ్డం వచ్చినా వదల్లేదు. కాలుతున్న రాతి మెట్ల మీద, ఒక్కో మెట్టు దగ్గర ఆగి, పాదంతో తడుముకుంటూ దిగాడు.